చదవలేదు తాతయ్య

మోకాళ్ల మధ్య పుస్తకాన్ని బిగించి పట్టుకుని, దాని వీపు మీద గట్టిపడిన పాత జిగురును మొండికత్తితో గీకుతున్నాను. ఆ పుస్తకం తెచ్చిన పెద్దమనిషి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. గ్రంథాలయంలో పిల్లల గది ఆయనది. పని కొత్త, మనిషి కొత్త. మాట కలుపుదామని అడిగాను.

"ఈ పుస్తకం బాగుంటుందాండీ?"

"ఏమోనమ్మా, నేను చదవలేదు."

దాని కింద ఇంకోటి ఉంది. "పోనీ, ఇది?"

"అదీ చదవలేదు."

"ఈ లావుపాటిది?"

"దాన్ని మోశాను గానీ చదవలేదు."

ఆ రోజు ఆయన తెచ్చినవి పద్దెనిమిది. పద్దెనిమిదింటికీ అదే జవాబు. తర్వాత ఇరవై రెండేళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం. అన్నేళ్లలో ఏ పుస్తకం గురించి ఎవరు ఏమడిగినా ఆయన నోటినుంచి వచ్చింది ఆ రెండు మాటలే. గోడ గడియారానికైనా పన్నెండు రకాల గంటలున్నాయి, ఆయనకు ఒకటే గంట.

పిల్లలు ఆయనకు 'చదవలేదు తాతయ్య' అని పేరు పెట్టుకున్నారు. నాకు 'జిగురమ్మ' అని. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. అంతకుముందు నేను బట్టలు కుట్టేదాన్ని. కొలత తెలియని చొక్కా వస్తే కుట్లు విప్పి చూసి నేర్చుకున్నట్టే, ఓ పాత పుస్తకాన్ని విప్పి చూసి బైండింగ్ నేర్చుకున్నాను. నాకు నేర్పినవాళ్లు లేరు, తప్పు చేస్తే తిట్టేవాళ్లూ లేరు. నా పనిగది పిల్లల గదిని ఆనుకునే ఉండేది. మధ్యలో తలుపుల్లేని ఓ చిన్న కిటికీ. దబ్బనం పుస్తకం మీద, చెవులు కిటికీలో. కాబట్టి నేను చెప్పేవన్నీ విన్నవే.

ఆయన దగ్గరికి ఓ ఆరేళ్ల బుడంకాయ వస్తుంది, తనకంటే కాస్త చిన్న పుస్తకాన్ని పొట్టకు ఆనించుకుని.

"తాతయ్యా, ఇందులో పులి ఉందా?"

"నేను చదవలేదు తల్లీ. ఉంటే ఎక్కడుందో చూసి చెప్పు. నాక్కాస్త భయం."

మూడో రోజు ఆ పిల్ల గుమ్మంలోంచే కేక. "తాతయ్యా! పులి ఉంది! ముప్పై ఏడో పేజీ!"

ఆయన కుర్చీలో కాళ్లు పైకి పెట్టేసుకున్నాడు. "అమ్మో! కరుస్తుందా?"

"కరవదు, ముసలిది. పళ్లు లేవు."

"హమ్మయ్య. మంచి మాట చెప్పావు. లేకపోతే నేను ఆ అలమర వైపే వెళ్లేవాణ్ణి కాదు."

ఆ పిల్ల ఇంటికి వెళ్లేటప్పుడు చూడాలి, ఊరిని కాపాడినదానిలా చేతులూపుకుంటూ నడిచింది.

ఆ గదిలో ఇంకో విచిత్రం, తలుపు పక్కన ఉండే చిన్న అర. దానిమీద బొగ్గుతో 'నచ్చలేదు' అని రాసి ఉండేది. పుస్తకం నచ్చకపోతే తెచ్చి అందులో పడేసి పోవచ్చు. ఎందుకు నచ్చలేదు, ఎంతవరకు చదివావు, తర్వాత ఏమైంది అని అడిగేవాళ్లుండరు. తమాషా ఏమిటంటే, గదిలో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఆ అరే. ఒకడు పడేసి వెనక్కి తిరిగేలోపు ఇద్దరు దానిమీద పడేవాళ్లు. "అంత బాగాలేదా? నాకివ్వు, నేను చూస్తా!"

పెద్దవాళ్లకు మాత్రం ఆయనతో వేగడం కష్టమయ్యేది. పళ్ల డాక్టరు ఒకాయన కొడుకును వెంటబెట్టుకొచ్చాడు.

"మావాడికి పనికొచ్చే మంచి పుస్తకం ఒకటి ఇవ్వండి."

"ఏది మంచిదో నాకెలా తెలుస్తుంది సార్? నేను చదవలేదు. మీవాణ్ణే చూసుకోమనండి."

"ఇన్నేళ్లుగా పుస్తకాల మధ్య కూర్చుని ఒక్కటీ చదవలేదా మీరు?"

"మీ దగ్గరికొచ్చే పళ్లన్నీ మీరు నమిలి చూశారా సార్?"

డాక్టరు ఆ ప్రశ్న గురించి ఆలోచిస్తుండగానే కొడుకు వెళ్లి అస్థిపంజరాల బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకొచ్చాడు.

ఓసారి మధ్యాహ్నం భోజనం క్యారియర్ తెచ్చిన ఆయన భార్యను అడిగాను. "పిన్నిగారూ, ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంతే తల్లీ. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే 'నేనింకా తినలేదు' అంటారు. కంచం ఖాళీ చేసి మరీ!"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాట మీద అప్పుడే కాస్త ఆగి ఉండాల్సింది.

ఇక సగంపాప సంగతి. దానికి తొమ్మిదేళ్లు. వీధి మూలన లాండ్రీ కొట్టు నడిపే పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. ఇస్త్రీ బట్టల వాసనతో వచ్చేది, ఓ పుస్తకం తీసుకునేది, రెండు రోజులకు తెచ్చి 'నచ్చలేదు' అరలో పడేసేది. మళ్లీ ఇంకోటి. ఒక్కటీ సగం దాటేది కాదు. పిల్లలకు పేరు పెట్టడానికి ఎంతసేపు? సగంపాప అయిపోయింది. నేను లెక్కపెట్టినంతవరకు నలభై ఒక్క పుస్తకాలు. ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి గడ్డం ఆనించి నిలబడింది.

"జిగురమ్మా, నాకు చదవడం రాదేమో."

"ఎందుకు రాదే? మొన్న వీధిలో బోర్డులన్నీ గడగడా చదివావుగా."

"బోర్డయితే అయిపోతుంది. పుస్తకం అవ్వదు."

నా ప్రాణం ఉసూరుమంది. అది వెళ్లాక ఆయన్ని నిలదీశాను. "బాబాయిగారూ, ఆ పిల్లకు నప్పేది ఒక్కటి చూసి ఇవ్వకూడదూ?"

"నేను చదవలేదమ్మాయ్. ఏం చూసి ఇవ్వను?"

"గుడ్డిగానైనా ఒకటి తీసివ్వండి."

"గుడ్డిగా తియ్యడానికైతే నేనెందుకు? దాని చెయ్యి నా చేతికంటే చిన్నది. సందుల్లోకి బాగా పోతుంది."

మనిషి మంచివాడే గానీ పని చేతకాదు అనుకున్నాను. చెబుతున్నానుగా, నిజంగానే అనుకున్నాను.

అలా ఉండగా గ్రంథాలయానికి కొత్త అధికారిణి వచ్చింది. అందరికంటే ముందు వచ్చేది, తన కుర్చీ తనే తుడుచుకునేది. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఏదైనా కాగితం మీద వరసగా రాసుకుంటే గానీ ఆవిడకు నమ్మకం కుదరదు. గొడుగు తెచ్చుకోవాలని జాబితాలో రాసుకునేది. గొడుగు ఇంట్లో మర్చిపోయి, వానలో ఆ జాబితానే తలమీద పెట్టుకుని వచ్చేది. పిల్లల గది చూసి ఆవిడ గుండెలు బాదుకున్నంత పనిచేసింది. పిల్లలు వాళ్లకు తోచింది తీసుకుపోతున్నారు! ఆయన్ని పిలిపించింది.

"మీ అనుభవం చాలా పెద్దది. పన్నెండేళ్లలోపు పిల్లలు చదవాల్సిన నలభై మంచి పుస్తకాల పేర్లు చెప్పండి. జాబితా వేద్దాం."

"నేను చదవలేదండీ."

"పోనీ నాలుగు."

"చదవలేదండీ."

"ఒక్కటి చెప్పండి, చాలు!"

"నలభై చదవనివాడికి ఒక్కటి చదవకపోవడం ఏమంత కష్టం మేడమ్?"

ఆవిడ ఒక్కతే కూర్చుని జాబితా వేసింది. పన్నెండేళ్లలోపువాళ్లు ఆ నలభైలోంచే తీసుకోవాలి. మిగతావన్నీ అద్దాల అలమరల్లో, తాళం వేసి. పన్నెండు నిండినవాళ్లకే ఆ తాళం తీస్తారు. మూడు నెలలు చూస్తారు. చివరి శనివారం తల్లిదండ్రుల సమావేశం. పద్ధతి బాగా నడిచిందని తేలితే అలమరల్లోవన్నీ మేడమీద పెద్దవాళ్ల గదిలోకి శాశ్వతంగా వెళ్లిపోతాయి. 'నచ్చలేదు' అరను ఆ రోజే పీకించేసింది. పీకిన చోట గోడకు పడిన రెండు చిల్లుల్ని ఆయన వేలితో తడిమి చూసుకున్నాడు, అంతే.

నాకొచ్చిన ఆర్డరు: గదిలో పుస్తకాలన్నిటికీ ఒకే నీలిరంగు అట్టలు. మేడమీదికి వెళ్లేవి కూడా శుభ్రంగా వెళ్లాలట. పిల్లల పుస్తకాలకు ముందుగా ఊడిపోయేవి పేరున్న పేజీలే. ఇక నాకు అట్టమీది పేరే దిక్కు. అట్టలన్నీ ముందే చేసి, పేర్లు బంగారు రంగు అక్షరాల్లో అచ్చొత్తి, నేలమీద వరసగా ఆరబెట్టాను. తర్వాత కుట్టిన పుస్తకాలను ఒక్కొక్కటే తెచ్చి అట్టలో కూర్చి అంటించాను. గది నిండా నీలమే. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే కొంగలా నడవాల్సి వచ్చేది. పదిహేను రోజుల్లో పని ముగించి, నా భుజం నేనే తట్టుకున్నాను.

సగంపాప పెద్దమ్మ మేడమ్ దగ్గరికొచ్చి మొరపెట్టుకుంది. "ఈ పిల్ల ఒక్క పుస్తకం పూర్తిచేస్తే చూడాలని ఉందమ్మా. బళ్లో మొద్దు అంటున్నారట." మేడమ్ తన చేత్తో ఓ పుస్తకం తీసిచ్చింది. 'మంచి నడవడి: నూరు పాఠాలు.' జాబితాలో మొదటిది.

రెండు రోజులైంది, పిల్ల వెనక్కి తేలేదు. వారమైంది. పదో రోజు చూద్దునుగా, వరండా మెట్లమీద కూర్చుని చదువుతోంది. పక్కన ఎవరో జామెట్రీ బాక్సు కింద పడేసినా తల ఎత్తలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే మెట్టుమీద ఆయన పక్కన కూర్చుని గుసగుసలు చెప్పేది. నాకు వినపడేది కాదు, కనపడేది. ఆయన కళ్లు ఇంతింత చేసుకునేవాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారైతే మెట్టు మీదనుంచి లేచి అటూ ఇటూ చూసి మళ్లీ కూర్చున్నాడు. మంచి నడవడిలో అంత గుండెదడ పుట్టించే సంగతులు ఏమున్నాయా అని నాకు ఆశ్చర్యం.

మేడమ్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నలభైలో ముప్పై తొమ్మిది బూజు పడుతున్నా సరే, ఈ ఒక్కటి చాలు ఆవిడకు.

శనివారం సమావేశానికి బెంచీలన్నీ నిండాయి. పెద్దమ్మ కొట్టు మూసి మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. మేడమ్ లేచి, జాబితా విప్పి, పక్కన పెట్టి, 'మంచి నడవడి' చేతిలోకి తీసుకుని అంది: "నేను చెప్పడం కాదు. సగంలో వదిలేసే అలవాటున్న అమ్మాయి ఈ నూరు పాఠాలూ పూర్తిచేసింది. ఏం నేర్చుకుందో తనే చెబుతుంది. రామ్మా."

సగంపాప ముందుకొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"ఇందులో ఒకామె ఉంటుంది. ఎలాంటి తాళమైనా తీసేస్తుంది. ఒక హెయిర్‌పిన్ చాలు. తొమ్మిది తాళాలు తీశాక దొరికిపోతుంది. జైల్లో బట్టలుతికే పని ఇస్తారు. ఆమె మైల బట్టల బుట్టలో దాక్కుని, లాండ్రీ బండిలో పారిపోతుంది. బుట్టలో మనిషి పడుతుందా అని మీకు అనుమానం రావచ్చు. పడుతుంది. నేను మా పెద్దమ్మ బుట్టలో కూర్చుని చూశాను. కాకపోతే సాక్సులు పైన వేసుకోకూడదు, ఊపిరాడదు."

మేడమ్ మొహంలో రంగులు మారాయి.

"అమ్మాయ్, ఈ పుస్తకం నేను చదివాను. ఇందులో దొంగ లేదు, జైలు లేదు, సాక్సులు అంతకన్నా లేవు. చదవకపోతే చదవలేదని చెప్పు. తప్పు లేదు. కథలు కల్పించకూడదు. అరవై మూడో పాఠమే అది, అబద్ధమాడరాదని."

"నేను చదివాను. మొత్తం."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "సగంపాప మొత్తం చదివిందట!"

పెద్దమ్మ తల వంచుకుని, చిన్న గొంతుతో అంది: "చదవలేదని చెప్పేయవే. ఇంటికి పోదాం."

అది పెద్దమ్మను చూసింది. మేడమ్‌ను చూసింది. ఆ తర్వాత ఆయన వైపు చూసింది. తొమ్మిదేళ్లకు మొదటిసారి ఓ పుస్తకం అయిపోయింది దానికి. అయిపోయిందని నమ్మేవాళ్లు గదిలో ఒక్కరూ లేరు.

ఆయన లేచి నిలబడ్డాడు. మేడమ్ విసుగ్గా అడిగింది. "ఏమండీ, రోజూ మెట్లమీద ఈ అమ్మాయి పక్కనే కూర్చుంటారుగా. ఈ కథ ఈ పుస్తకంలో ఉందా?"

ఆయన నోరు తెరిచాడు. "నేను..."

వచ్చే మాట గదిలో అందరికీ తెలుసు. పిల్లలు ఆయనకంటే ముందే ఒక్క గొంతుతో అందుకున్నారు. "చదవలేదు!"

"చదివాను," అన్నాడాయన.

పిల్లల వైపు చూడకుండా మేడమ్ వైపు తిరిగాడు.

"మూడుసార్లు చదివాను మేడమ్. తొమ్మిది తాళాల దొంగ కథ. లాండ్రీ బండి నూట తొంభై ఎనిమిదో పేజీలో బయల్దేరుతుంది. రెండొందల రెండులో వంతెన మీద చక్రం విరుగుతుంది. ఈ పిల్ల ఒక్క ముక్క కూడా కల్పించలేదు. మీ చేతిలో ఉన్న పుస్తకంలో అక్షరం అక్షరం ఉంది, తెరిచి చూడండి. ఈ పిల్ల కాపలావాడి కుక్క పేరు ఒక్కటే చెప్పడం మర్చిపోయింది."

"మర్చిపోలేదు! చెప్పనివ్వలేదు!" అంది సగంపాప, కళ్లు తుడుచుకుంటూ. "దాని పేరు గుండు."

మేడమ్ పుస్తకం తెరిచేలోపే పిల్లలు లేచి మీదపడ్డారు. దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారు ఆయన్ని.

"తాతయ్యా! నువ్వు చదివావా?"

"ఊఁ."

"అంతరిక్షం పుస్తకం?"

"చదివాను."

"మరి నా పులి?" అంది బుడంకాయ, నడుం మీద చేతులు పెట్టుకుని. "ముసలిదని ముందే తెలుసా?"

"తెలుసు తల్లీ."

"మరి భయపడ్డావు?"

"నువ్వు చెబుతుంటే భయమేసింది."

ఈ గోలలో బెంచీ మీద కళ్లజోడు కుర్రాడొకడు లేచి నిలబడ్డాడు. వాడికి పన్నెండు నిండి పది రోజులు. పుట్టినరోజు నాడే వచ్చి అలమర తాళం తీయించుకుని, రెండు నెలలుగా అద్దంలోంచి చూస్తూ లొట్టలు వేసిన 'తొమ్మిది తాళాల దొంగ' ఇంటికి పట్టుకుపోయాడు. ఇప్పుడు దాన్ని జెండాలా పైకెత్తి పట్టుకున్నాడు.

"మేడమ్! అయితే నా దొంగ అందులో ఉందన్నమాట! ఇందులో పొద్దున్నే లేచి పళ్లు తోముకోవాలని ఉంది. దొంగ కూడా పొద్దున్నే లేస్తుంది కదా అని చదివాను. పెద్దలు వస్తే లేచి నిలబడాలని ఉంది. పోలీసులేమో అనుకున్నాను. అరవై మూడులో అబద్ధం ఆడరాదంటే, ఇంక వచ్చేసినట్టే అనుకున్నాను. రానే లేదు!"

నా పనిగది కళ్లముందు కదిలింది. నీలం అట్టలు, నేలమీద వరసలు, ఒకే కొలత పుస్తకాలు రెండు. లేచి ముందుకెళ్లి, రెండు పుస్తకాలూ తీసుకుని తెరిచి చూశాను. ఒకరి చొక్కా ఇంకొకరికి తొడిగినట్టు, ఒకదాని అట్ట ఇంకొకదానికి అంటించాను. అంత అందంగా అంటించాను, కుట్టు ఊడకుండా.

"తప్పు నాదండీ మేడమ్," అన్నాను. "ఆ పిల్లది కాదు. నా చేతిది."

మేడమ్ నన్ను చూడలేదు. కళ్లజోడు కుర్రాణ్ణి చూస్తోంది. "నూరు పాఠాలూ చదివావా నాయనా?"

"చదివానండీ. ఎక్కడో ఒకచోట వస్తుంది కదా అని."

ఆవిడ పెదాలు బిగించింది. బిగించినా నవ్వు ఆగలేదు. రెండు పుస్తకాలూ చంకలో పెట్టుకుని, "తనిఖీ చేసి చెబుతాను" అని వెళ్లిపోయింది. జాబితా బల్లమీదే ఉండిపోయింది.

సోమవారం పొద్దున్నే నా గదికి వచ్చింది. నా పని ఊడినట్టే అనుకుని నిలబడ్డాను. 'మంచి నడవడి' ఒక్కటే నా ముందు పెట్టింది.

"దీన్ని సరిచెయ్యండి."

"రెండోది మేడమ్?"

"తనిఖీ ఇంకా అవలేదు. వంతెన దగ్గర ఉన్నాను." స్టూలు జరుపుకుని కూర్చుని అంది: "నిన్న ఆ లాండ్రీకి వెళ్లాను. ఆ పిల్లతో చెప్పాను, నువ్వు చదివావు, చదవకుండా మాట్లాడింది నేనేనని. వాళ్ల పెద్దమ్మ ఎదుటే చెప్పాను."

"పాపేమందండీ?"

"బుట్ట చూపించింది. పడుతుంది మనిషి." ఆవిడ అలమరల తాళంచెవి తీసి నా బల్లమీద పెట్టింది. "ఇది ఆయనకిచ్చేయండి. నా జాబితాలో ఒక్క పుస్తకాన్ని ఒక్క పిల్లవాడు చివరిదాకా చదివాడు. అదీ దొంగ కోసం. ఇంక ఆ జాబితా పెట్టుకుని నేనేం చెయ్యను?"

అలమరలు తెరుచుకున్నాయి. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. ఎందుకో కిటికీలోంచి విన్నాక తెలిసింది.

"తాతయ్యా, ఇది బాగుంటుందా? నువ్వు చదివావుగా!"

"తాతయ్యా, ఇందులో చివరికి ఎవరు గెలుస్తారు?"

"తాతయ్యా, ఈ రెండిట్లో ఏది తీసుకోను? నువ్వే చెప్పు!"

ఒక్కరూ అలమరల దగ్గర లేరు. అందరూ ఆయన కుర్చీ చుట్టూ వరసకట్టి ఆయన నోరే చూస్తున్నారు. మధ్యాహ్నం ఆయన నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"చూశావా అమ్మాయ్? బాగుంటుందంటే నాకోసం చదువుతారు. బాగుండదంటే ముట్టుకోరు. నేను ముందు వెళ్లొచ్చిన చోటికి వాళ్లు వెళ్లి నాకు చెప్పడానికి ఏం మిగులుతుంది?"

"అందుకా బాబాయిగారూ, ఇన్నేళ్లూ..."

"ఒకడైనా ఉండాలిగా, ఏమీ తెలియనివాడు. లేకపోతే పాపం వాళ్లు ఎవరికి చెప్పుకుంటారు?"

నాకు ఇంకో సంగతి మనసులో మెదులుతూనే ఉంది. "అట్టలు మారాయని మీకు మొదటి రోజే తెలిసి ఉంటుంది. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? అప్పటికప్పుడు విప్పి సరిచేసేదానివి. ఆ పిల్ల నూట నలభయ్యో పేజీలో ఉంది."

అట్టకు జిగురు రాసుకుంటూ కూర్చున్నాను. మనిషి మంచివాడే గానీ పని చేతకాదు అనుకున్నానని చెప్పాను కదా. ఆయన చేసే పనిలో కుట్టు బయటికి కనపడకూడదు. అది నాకు చేతనైన దానికంటే కష్టమైన పని.

గురువారం సగంపాప వచ్చింది. అలమర సందులో చెయ్యి దూర్చి, వెనకాల పడిపోయిన ఓ లావుపాటి పుస్తకం బయటికి లాగింది. పిల్లలందరూ చూస్తుండగా ఆయన బల్లమీద పెట్టింది. "తాతయ్యా, ఇది చదివావా?"

చదవలేదనడానికి లేదు. చదివాననడానికి మనసు రాదు. ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చదివాను గానీ..."

"గానీ?"

"మర్చిపోయాను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నమ్మాలా వద్దా అని బుడంకాయ కనుబొమలు ముడేసింది. అప్పుడు సగంపాప పెద్ద ఆరిందాలా అందరి వైపూ తిరిగింది.

"పెద్దాయన కదా, పాపం. మర్చిపోరూ మరి? మనమే మళ్లీ చదివి చెప్పాలి."

"అన్నీ మర్చిపోయావా తాతయ్యా?" అంది బుడంకాయ.

"అన్నీ తల్లీ. ఒక్కటీ గుర్తులేదు."

వరస చెదిరిపోయింది. పిల్లలు తలో అలమర మీద పడ్డారు. సగంపాప మాత్రం పుస్తకం గుండెలకు హత్తుకుని నా కిటికీ దగ్గరికొచ్చి, గడ్డం ఆనించి, గొంతు తగ్గించి చెప్పింది.

"జిగురమ్మా, తాతయ్యకు అన్నీ గుర్తున్నాయి. ఎవరికీ చెప్పకు. ఆయనకు తెలిస్తే బాధపడతాడు."

సరేనని తల ఊపాను. మేడమ్ తనిఖీ ముందురోజే పూర్తయింది. దొంగ తన అట్టలోకి వచ్చి, చెక్క ప్రెస్సులో ఆరుతోంది. మరలు విప్పి బయటికి తీశాను. తెరిచి మొదటి పేజీ, చివరి పేజీ చూశాను. అట్ట పేరు ఇంకోసారి చూశాను. అంచున పొంగిన జిగురును తడిగుడ్డతో తుడిచాను. కిటికీ అవతల కళ్లజోడు కుర్రాడు పొద్దుటినుంచి నిలబడి ఉన్నాడు. పుస్తకం అందించాను. రెండు చేతులతో తీసుకుని, అక్కడే తెరిచి లోపల దొంగ ఉందో లేదో చూసుకుని, పరుగెత్తాడు.